నగల కేసు కంప్లయింటులో ‘డిసానెస్ట్‌లీ’కి తెలుగు ఏం రాయాలి?

జూనియర్_గుంటూరు: పొద్దుటి నుంచీ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. ఇంగ్లిష్ కంప్లయింటుని తెలుగు చేస్తున్నా. ‘డిసానెస్ట్‌లీ’ దగ్గర ‘అబద్ధమాడి’ అని పెడితే సీనియర్ కొట్టేశారు. ‘నిజాయితీ లేకుండా’ అన్నా సరిపోదన్నారు. నిఘంటువుల్లో ఇవే ఉన్నాయి. సాయంత్రానికి ఇచ్చేయాలి, ఎవరైనా చెప్పండి సార్.

సిటీ_వకీల్: ఏ సెక్షన్? నేరం తేదీ?

తేటతెలుగు: దయచేసి ‘కపటోద్దేశపూర్వకముగా’ లాంటివి మాత్రం పెట్టకండి. ఆ కాగితం చదివి సంతకం పెట్టాల్సింది ఫిర్యాది. తను ఏం ఆరోపిస్తున్నాడో తనకే అర్థం కాకపోతే రేపు క్రాస్‌లో (ఎదుటి వకీలు ప్రశ్నించేటప్పుడు) ఏం చెబుతాడు? కోర్టు తెలుగు చెడిపోయింది ఇలాంటి సమాసాల వల్లే.

జూనియర్_గుంటూరు: ఐపీసీ (భారత శిక్షాస్మృతి) సెక్షన్ 406 సార్, నమ్మకద్రోహం. ఊరెళ్తూ దాచమని ఇచ్చిన నగలు బంధువు తాకట్టు పెట్టేశాడు.

రిటైర్డ్_ఏపీపీ: ఇది ముందే చెప్పాల్సింది బాబూ. నమ్మకద్రోహానికి అబద్ధంతో పనే లేదు. అతను ఒక్క అబద్ధమూ ఆడకపోయినా నేరం నేరమే. ‘అబద్ధమాడి’ అని రాస్తే లేని ఆరోపణ నెత్తిన వేసుకున్నట్టు, దాన్ని రుజువు చేయమంటారు.

ఐపీసీ 24లో నిర్వచనం చూడు. ఒకరికి అక్రమ లాభం గానీ మరొకరికి అక్రమ నష్టం గానీ కలిగించాలన్న ఉద్దేశంతో చేస్తే అది డిసానెస్ట్‌లీ. ‘గానీ’ ముఖ్యం, రెండూ అక్కర్లేదు. 23 ప్రకారం అక్రమంగా అట్టిపెట్టుకోవడం కూడా అక్రమ లాభమే. 403 కింది వివరణ ప్రకారం కొంతకాలానికే వాడుకున్నా దుర్వినియోగమే. కాబట్టి ‘విడిపించి ఇచ్చేద్దామనుకున్నా’ అన్నంత మాత్రాన బయటపడలేడు.

‘నిజాయితీ లేకుండా’ అన్నది గుణం చెబుతుంది, ఉద్దేశం చెప్పదు. మీ సీనియర్ అడిగేది అదే.

సిటీ_వకీల్: తేదీ చెప్పలేదు. 1-7-2024న గానీ ఆ తర్వాత గానీ అయితే 406 కాదు, ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 316(2). గరిష్ఠ శిక్ష 3 ఏళ్ల నుంచి 5కి పెరిగింది. నగలు అప్పగించిన తేదీ కాదు, తాకట్టు పెట్టిన తేదీ చూడండి. నిర్వచనం 2(7)లో ఉంది, సారం మారలేదు.

జూనియర్_గుంటూరు: కంప్లయింటులో ‘ఫాల్స్‌లీ, డిసానెస్ట్‌లీ అండ్ ఫ్రాడ్యులెంట్‌లీ’ అని మూడూ కలిపి ఉన్నాయి. 420 (మోసం) కూడా వేశారు.

రిటైర్డ్_ఏపీపీ: అదే తప్పు. ఫ్రాడ్యులెంట్‌లీకి మోసపుచ్చడం కావాలి, దానివల్ల ఎదుటివాడికి హాని కూడా కావాలి. ఆ హాని డబ్బు రూపంలోనే ఉండాలని లేదు. డాక్టర్ విమల కేసులో (1962 తీర్పు) పసిబిడ్డైన కూతురి పేరున కారు కొని, ఇన్సూరెన్సు కాగితాల మీద కూతురి పేరుతో సంతకాలు పెట్టారు. దానివల్ల విమలకు లాభం లేదు, కంపెనీకి నష్టం లేదు కాబట్టి సుప్రీంకోర్టు శిక్ష రద్దు చేసింది. సంతకం అబద్ధమే, నేరం మాత్రం నిలబడలేదు.

420కి మొదటి నుంచే మోసగించే ఉద్దేశం ఉండాలి. నమ్మి అప్పగించాక బుద్ధి మారితే 406. ఒకే సంగతుల మీద రెండూ కలిసి నిలవవని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ సీనియర్‌తో మాట్లాడి ఒకటి తీసేయించు. అనువాదంలో నువ్వే తీసేయకు.

వాక్యం ఇలా రాయి: ‘తాను అక్రమ లాభం పొందాలని, ఫిర్యాదికి అక్రమ నష్టం కలిగించాలని ఉద్దేశించి, అప్పగించిన నగలను సొంతానికి వాడుకున్నాడు.’

తేటతెలుగు: ‘దురుద్దేశంతో’ అంటే ఒక్క మాటలో అయిపోదా?

సిటీ_వకీల్: కాదు. అది మాలాఫైడీకి (చెడు ఉద్దేశంతో అన్న అర్థానికి) వాడతారు.

తేటతెలుగు: పల్లెలో అడగండి, ‘దురుద్దేశం’ అంటే ఎవరికైనా తెలుస్తుంది. ‘అక్రమ లాభం’ అంటే బ్లాకులో అమ్మడం అనుకుంటారు. ‘అన్యాయపు లాభం’ అనండి.

రిటైర్డ్_ఏపీపీ: ‘అన్యాయపు’ అంటే చట్టం సంగతి వదిలేసి నీతి మాట్లాడినట్టవుతుంది. 23లో ఉన్నది చట్టప్రకారం హక్కు లేని ఆస్తిని, చట్టవిరుద్ధమైన మార్గంలో పొందడం.

జూనియర్_గుంటూరు: ఆ వాక్యమే పెట్టాను, సీనియర్ సరే అన్నారు. థాంక్స్ అండీ.

తేటతెలుగు: ‘చట్టవిరుద్ధ లాభం’ అయినా నాకు సమ్మతమే.