బెంగళూరులో తమ్ముడు ఇంట్లోనే మందులు వేసుకునేలా కోర్టు ఆర్డర్ తెచ్చుకోవచ్చా?

కడప_అక్క:
అందరికీ నమస్తే. మాది కడప వైపు, ఇప్పుడు కేఆర్ పురంలో ఉంటున్నాం, అమ్మ, నేను, తమ్ముడు. తమ్ముడికి స్కిజోఫ్రీనియా. హాస్పిటల్లో ఉన్నన్ని రోజులు బాగుంటాడు, ఇంటికొచ్చిన కొన్నాళ్ళకి నాకేం జబ్బు లేదని మాత్రలు మానేస్తాడు, ఇక నిద్ర ఉండదు, పక్కింటోళ్ళు గోడలోంచి నా గురించే మాట్లాడుతున్నారంటాడు, మళ్ళీ అడ్మిషన్. న్యూయార్క్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు చెప్పాడు, అక్కడ జడ్జి ఆర్డర్ వేస్తే మనిషి ఇంట్లోనే ఉంటాడంట, ట్రీట్‌మెంట్ మాత్రం కోర్టు చెప్పినట్టు నడుస్తుందంట. ఇక్కడ అలాంటిది ఉందా? చట్టంలో మానసిక వ్యాధి అంటే ఏంటో, ఎవరికి వర్తిస్తుందో మామూలు మాటల్లో చెప్పండి ప్లీజ్. వాడు ఎవర్నీ కొట్టే మనిషి కాదు.

శివాజీనగర్_లాయర్:
అక్కా, అలాంటి ఆర్డర్ మన దేశంలో లేదు. ఇప్పుడున్నది 2017 మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది, ఇంట్లో ఉన్న మనిషిని నువ్వు మందు వేసుకోవాల్సిందే అని ఆదేశించే సెక్షన్ దాంట్లో లేదు. పాత 1987 చట్టంలో ఇంటివాళ్ళు మేజిస్ట్రేట్ దగ్గర పిటిషన్ వేస్తే రిసెప్షన్ ఆర్డర్ వచ్చేది, అదీ హాస్పిటల్లో పెట్టడానికే, ఇప్పుడది కూడా పోయింది.

మీరడిగిన అర్థం సెక్షన్ 2లో ఉంది. ఆలోచన, మూడ్, గ్రహింపు, జ్ఞాపకం ఇలాంటివాటిలో గట్టి తేడా వచ్చి, దానివల్ల ఏది నిజమో తెలుసుకునే శక్తి గానీ, ప్రవర్తన గానీ, రోజువారీ పనులు చేసుకోవడం గానీ బాగా దెబ్బతింటే అది మానసిక వ్యాధి. తాగుడు, డ్రగ్స్ వల్ల వచ్చేవి కూడా ఇందులోకే వస్తాయి. కానీ ఈ అర్థం కింద పడ్డంత మాత్రాన ఎవర్నీ బలవంతంగా చేర్చలేరు, అసలు విషయం సెక్షన్ 4లో చెప్పిన కెపాసిటీ. ట్రీట్‌మెంట్ గురించి చెప్పింది అర్థమవుతోందా, వేసుకుంటే ఏంటి మానేస్తే ఏంటి అన్నది తెలుస్తోందా, తన నిర్ణయం మాటతోనో సైగతోనో చెప్పగలడా, ఇవి చూస్తారు. మనకి తప్పనిపించే నిర్ణయం తీసుకున్నాడు కాబట్టి కెపాసిటీ లేదనకూడదని కూడా అక్కడే రాసుంది, ఇంటివాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

సెక్షన్ 89 కింద ఒప్పుకోని మనిషిని చేర్చాలంటే సైకియాట్రిస్ట్ ఒకరు, ఇంకో డాక్టరో మానసిక ఆరోగ్య నిపుణుడో ఒకరు, ఇద్దరూ విడివిడిగా చూడాలి. తనకి తాను హాని చేసుకునే ప్రమాదం, లేదా ఎదుటివాళ్ళకి హాని, లేదా తన బాగోగులు తాను చూసుకోలేక ప్రమాదంలో పడటం, వీటిలో ఒకటైనా ఉండాలి. అంటే ఎవర్నీ కొట్టకపోయినా తిండీ నిద్రా మానేసి ఆ స్థితికొస్తే సరిపోతుంది అక్కా. గరిష్ఠంగా 30 రోజులు, ప్రతి 7 రోజులకీ కెపాసిటీ మళ్ళీ చూడాలి. మేజిస్ట్రేట్ ముందుకి తీసుకెళ్తే సెక్షన్ 102 కింద పరీక్ష కోసం 10 రోజుల దాకా చేర్చమనగలరు, అంతకుమించి ఇంటి లోపలికి కోర్టు రాదు.

న్యూజెర్సీ_రిటర్న్:
మీ అన్నయ్య చెప్పింది న్యూయార్క్ రాష్ట్రంలోని కెండ్రాస్ లా అనే చట్టం, 1999లో వచ్చింది. అందరికీ వేసేయరు, 18 ఏళ్ళు దాటుండాలి, మందులు మానడం వల్ల గత 36 నెలల్లో కనీసం 2 సార్లు హాస్పిటల్ పాలై ఉండాలి లేదా 48 నెలల్లో హింస జరిగుండాలి, పర్యవేక్షణ లేకుండా బయట క్షేమంగా ఉండలేడని డాక్టర్ కోర్టులో సాక్ష్యం చెప్పాలి, ఆ మనిషి తరఫున లాయర్ ఉంటారు. మొదటి ఆర్డర్ ఏడాది దాకా ఉండొచ్చు. కానీ ఆర్డర్ ఉన్నా ఇంట్లో బలవంతంగా మందు వేయడం అక్కడ కూడా కుదరదు. మానేస్తే పరీక్ష కోసం హాస్పిటల్‌కి తీసుకెళ్ళి 72 గంటల దాకా ఉంచగలరు, 2004లో ఆ రాష్ట్ర అత్యున్నత కోర్టు చట్టాన్ని సమర్థించింది కూడా ఈ లెక్క మీదే. ఇంగ్లండ్‌లో ఇలాంటి ఆర్డర్ కోర్టు కాదు, డాక్టరూ సోషల్ వర్కర్ లాంటి ఆమోదిత అధికారీ కలిసి వేస్తారు. అక్కడ 336 మందితో చేసిన ట్రయల్ 2013లో వచ్చింది, ఆర్డర్ ఉన్నవాళ్ళూ, ఆర్డర్ లేకుండా లీవ్ మీద, అంటే డిశ్చార్జ్ చేయకుండా కొన్నాళ్ళు ఇంటికి పంపినవాళ్ళూ దాదాపు సమానంగానే మళ్ళీ చేరారు.

చెన్నై_నుంచి:
నాకు బైపోలార్ ఉంది, అటువైపు నుంచి ఒక మాట చెప్తా అక్కా. మందులు మానేసినప్పుడు మనసులో ఏముంటుందో ఇంట్లోవాళ్ళు అడగరు, వేసుకో వేసుకో అంటారంతే. నాకైతే బరువు పెరగడం, పొద్దున లేవలేకపోవడం, ఆ మాట డాక్టర్‌తో చెప్పాక మందు మార్చారు, ఇప్పుడు నేనే గుర్తుపెట్టుకుని వేసుకుంటున్నా. మీ తమ్ముడు బాగున్న రోజుల్లో అడగండి, ఏ మందు ఇబ్బంది పెడుతోందని. నెలకోసారి వేసే ఇంజెక్షన్ సంగతి కూడా డాక్టర్‌ని అడగొచ్చు. బాగున్నప్పుడే సెక్షన్ 5 అడ్వాన్స్ డైరెక్టివ్ రాసుకోవచ్చు, రేపు కెపాసిటీ లేనప్పుడు నాకు ఏ ట్రీట్‌మెంట్ కావాలి, ఏది వద్దు అని. నేను రాసుకున్నాక మా ఇంట్లో గొడవలు చాలా తగ్గాయి.

కడప_అక్క:
అందరికీ చాలా థ్యాంక్స్, ఇంజెక్షన్ గురించి మాకెవరూ చెప్పలేదు. లాయర్ గారూ, మరి డిశ్చార్జ్ అయ్యాక హాస్పిటల్ వాళ్ళకి ఏ బాధ్యతా ఉండదా?

శివాజీనగర్_లాయర్:
ఉంటుంది. సెక్షన్ 98 ప్రకారం డిశ్చార్జ్‌కి ముందే తర్వాత ట్రీట్‌మెంట్ ఎలా అన్నది ప్లాన్ చేయాలి, అడిగి తీసుకోండి. సెక్షన్ 91లో లీవ్ కూడా ఉంది, డిశ్చార్జ్ చేయకుండా షరతులు పెట్టి కొన్నాళ్ళు ఇంటికి పంపొచ్చు, మీరడిగినదానికి మన చట్టంలో కాస్త దగ్గరగా ఉన్నది ఇదొక్కటే, నిర్ణయం డాక్టర్‌దే. ఇంకోటి, తమ్ముడు బాగున్నప్పుడు మిమ్మల్ని నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌గా, అంటే ట్రీట్‌మెంట్ విషయాల్లో తన తరఫు మనిషిగా, తెల్ల కాగితం మీద రాసి సంతకం పెడితే చాలు, మీరు ఒప్పుకున్నట్టు మీరూ రాసివ్వండి, 89 అప్లికేషన్ మీ పేరు మీదే వెళ్తుంది. ఖర్చు గురించి భయపడకండి, సెక్షన్ 27 కింద ఉచిత న్యాయసాయం ఉంది, 15100కి ఫోన్ చేయండి. రాత్రిపూట పరిస్థితి చేయిదాటుతోందనిపిస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416.