తెర మీది డాక్టరుకు హస్తవాసి ఉంటుందా?

గోదావరి గట్టు:

మా నాన్నగారికి 71 ఏళ్ళు. పాతికేళ్ళుగా మధుమేహం ఉంది. పోయిన వేసవిలో కుడికాలి బొటనవేలి కింద చిన్న పుండు పడితే నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. డాక్టరుగారు చూస్తారని ఆయన ఉదయమే కాలు కడుక్కుని, పాత పంచె చింపి శుభ్రమైన గుడ్డ చుట్టుకున్నారు. మా వంతు రాగానే గుడ్డ విప్పి, చెప్పులు బయట వదిలి, లోపల కాలు కాస్త ముందుకు చాచి కూర్చున్నారు.

డాక్టరు కంప్యూటర్‌లో రక్తపరీక్షలు చూశారు. "మూడు నెలల షుగర్ ఎక్కువగా ఉంది, మందు పెంచుతున్నాను" అన్నారు. టైపు చేస్తూనే "ఇంకేమైనా ఇబ్బంది ఉందా?" అని అడిగారు. నాన్నగారు ఒక్క క్షణం ఆగి, కాలు మెల్లగా కుర్చీ కిందికి లాక్కుని, "ఏమీ లేదండీ" అన్నారు. ఫైలు సర్దుకుంటున్న నేను అది చూసి కూడా నోరు విప్పలేదు.

మూడు వారాలకు ఆ వేలు తీసేయవలసి వచ్చింది.

మా చిన్నప్పుడు ఊళ్ళో ఒక డాక్టరుగారు ఉండేవారు. మందు రాసే ముందు చేయి పట్టుకుని చూసేవారు. ఆయన హస్తవాసి మంచిదని చుట్టుపక్కల ఊళ్ళన్నీ చెప్పుకునేవి. కంప్యూటర్లు, వీడియో వైద్యం వచ్చాక ఆ చేయి రోగిని తాకడమే మానేసింది. ఈ యంత్రాలే డాక్టరునూ రోగినీ విడదీశాయని నా గట్టి అభిప్రాయం. కాదనేవారుంటే చెప్పండి, వింటాను.

మన్యం నర్సు:

అమ్మా, నాన్నగారి సంగతి చదివి చాలా బాధపడ్డాను. కానీ మీ మాటతో ఏకీభవించలేను. నేను పాడేరు వైపు ఒక పల్లె క్లినిక్‌లో పనిచేస్తున్నాను. మా దగ్గర డాక్టరును విడదీయడానికి అసలు డాక్టరంటూ ఉంటే కదా! ఆసుపత్రికి వెళ్ళాలంటే ఘాటు దిగాలి, ఒక రోజు కూలి పోవాలి, తోడు వచ్చేవారి కూలి కూడా పోవాలి. అందుకే జబ్బు ముదిరాక మంచం మీద మోసుకువచ్చేవారు.

ఇప్పుడు ఈ-సంజీవని ఉంది, దూరాన ఉన్న డాక్టరును ఫోను తెర మీద చూపించే ప్రభుత్వ సేవ. మొన్న ఒక ముసలామె నడిస్తే ఆయాసం వస్తోందని వచ్చింది. తెర మీద డాక్టరుగారు కనబడగానే సిగ్గుపడి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నేను పక్కన కూర్చుని వీపు మీద చేయి వేశాను. "అమ్మా, కన్ను కింది రెప్ప చూపించండి" అన్నారాయన. రెప్ప లాగి ఫోను దగ్గరగా పెట్టాను. లోపల సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. రక్తం పరీక్ష చేసి చెబితే, ఆయన వెంటనే మందులు రాసి, ఎప్పుడు పెద్దాసుపత్రికి పంపాలో కూడా చెప్పారు. వెళ్ళేటప్పుడు ఆమె ఫోనుకే దండం పెట్టింది.

2023 మొదట్లోనే దేశమంతటా ఈ-సంజీవని సంప్రదింపులు 10 కోట్లు దాటాయి. వాటిలో మన ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. ఒక్కో సంప్రదింపు వెనుక మిగిలిన బస్సు చార్జీ, పోకుండా నిలిచిన కూలి ఎంతో లెక్క వేయండి. సిగ్నల్ లేని రోజు ఏమిటని అడుగుతారేమో. ఆ రోజు గుట్ట ఎక్కి నిలబడతాను.

ఓపీ డాక్టరు:

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో పాతికేళ్ళుగా ఓపీ చూస్తున్నాను. ముందుగా తప్పును తప్పనే అంటాను. మధుమేహం ముదిరితే పాదాల్లో స్పర్శ పోతుంది. పుండు పడినా నొప్పి తెలియదు, కాబట్టి రోగి చెప్పకపోవచ్చు. అందుకే ఏటా కనీసం ఒకసారి పాదాలు పరీక్షించాలని మాకు నేర్పుతారు. పుండు ఉంటే ప్రతిసారీ చూడవలసిందే. మీ నాన్నగారి కాలు చూడకపోవడానికి ఏ కంప్యూటరూ సాకు కాదు.

అయితే ఆ కంప్యూటర్ తీసేస్తే మేము రోగి ముఖం చూస్తామా? 67 దేశాల లెక్కలు తీసి 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. డాక్టరు ఒక రోగికి ఇచ్చే సమయం స్వీడన్‌లో సగటున 22 నిమిషాలకు పైనే. బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. మన దేశం బంగ్లాదేశ్‌కే దగ్గరగా ఉంది. మధ్యాహ్నంలోగా వందమందిని చూడాలంటే కాగితం మీద రాసినా తల ఎత్తలేము. నేను కాగితాల కాలంలోనూ ఎత్తలేదు.

కంప్యూటర్ భారం లేదని అనను. అమెరికాలో డాక్టర్లు రోగితో గడిపే ప్రతి గంటకూ దాదాపు రెండు గంటలు కంప్యూటర్ పనికీ రాతపనికీ పోతున్నాయని 2016లో తేలింది. మనం కూడా ఆ దారిలోనే నడుస్తున్నాం. ఆరోగ్య ఖాతా నంబరు, రోగ వివరాలు, మందులు అన్నీ డాక్టరే ఎక్కించాలంటే ఎలా? ఆ పనికి పక్కన ఒక మనిషిని ఇవ్వండి, నా చేతులు ఖాళీ అవుతాయి.

ఇంకొక మాట. 1816లో పారిస్‌లో లానెక్ అనే వైద్యుడు ఒక యువతి ఛాతీకి చెవి ఆనించడానికి మొహమాటపడి, కాగితాన్ని గొట్టంలా చుట్టి విన్నాడు. అదే స్టెతస్కోపు అయింది. అది కూడా మనుషుల మధ్యకు వచ్చిన వస్తువే!

గోదావరి గట్టు:

డాక్టరుగారూ, ఆ పోలిక ఒప్పుకోను. ఆ గొట్టానికి ఒక కొసన వైద్యుడి చెవి, ఇంకో కొసన రోగి గుండె ఉన్నాయి. మా నాన్నగారి ముందున్న తెరలో ఆయన కాలు లేదు, అంకెలే ఉన్నాయి.

డాలస్ నుంచి:

ఇక్కడ మా అమ్మను చూపించినప్పుడు గదిలో మాటలు విని వివరాలు రాసిపెట్టే కృత్రిమ మేధ ఉంది. డాక్టరు కీబోర్డు ముట్టలేదు, అమ్మ వైపే తిరిగి కూర్చున్నారు. కానీ అమ్మకు తెలుగు తప్ప రాదు. ఫోనులో దుభాషి వచ్చారు. "గుండెల్లో మంట" అని అమ్మ అన్నదాన్ని గుండె జబ్బుగా చెప్పారు. గంటసేపు హడావిడి జరిగాక అది కడుపులో పులుపని తేలింది. పక్కన ఉన్న నేను ముందే అడ్డుపడవలసింది.

మన్యం నర్సు:

డాలస్ వారు చెప్పిన ఆ "పక్కన ఉన్న నేను" అన్న మాటే నేను పట్టుకుంటాను. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వారి పల్లె కేంద్రాల్లో కూడా శిక్షణ పొందిన టెక్నీషియన్ రోగి ఎదురుగా కూర్చుని కన్ను చూస్తారు, అవసరమైతే దూరాన ఉన్న డాక్టరును అడుగుతారు. గోదావరి గట్టు గారూ, మా ముసలామె రెప్ప లాగింది నా చేయి, చూసింది ఆయన కన్ను. మీ నాన్నగారికి ఆ గదిలో అలాంటి చేయి దొరకలేదు. నగరపు ఆసుపత్రి మధుమేహం ఓపీ బయట ఒక నర్సును కూర్చోబెట్టి, ప్రతి రోగి పాదాలూ చూసి లోపలికి పంపమంటే ఎంత ఖర్చవుతుంది?

ఓపీ డాక్టరు:

నర్సమ్మ చెప్పింది నిజం. మా మధుమేహం ఓపీలో సోమవారం నుంచి ఇది మొదలుపెట్టడానికి సూపరింటెండెంటుగారిని అడుగుతాను. ఒక బల్ల, ఒక స్టూలు, ఒక మనిషి చాలు.

గోదావరి గట్టు:

అమ్మా, వీపు మీద చేయి వేశానన్నారే, ఆ మాట నాన్నగారికి చదివి వినిపించాను. "అలాంటి అమ్మాయి ఉంటే నేను కాలు వెనక్కి తీసుకునేవాడిని కాదు" అన్నారు. యంత్రాలే విడదీశాయన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కాలు చూడని డాక్టరు మీద కోపం మాత్రం పోలేదు, పోదు.

వచ్చే వారం ఆయనను మళ్ళీ చూపించాలి. ఈసారి లోపలికి వెళ్ళగానే ముందు కాలు స్టూలు మీద పెట్టిస్తాను. డాక్టరు చూసిన తర్వాతే ఫైలు చేతికిస్తాను.