ర్యూతో ఆడేటప్పుడు బి బటన్ చాలా, కమాండ్లు కూడా నేర్చుకోవాలా?

ప్రశ్న

సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్ అనే పోరాట వీడియో గేమ్‌లో కొంతకాలంగా ర్యూ పాత్రతోనే ఆడుతున్నాను. ఈ ఆటలో దాదాపు ఎవరి స్పెషల్ మూవ్ (పాత్రకు ప్రత్యేకమైన దెబ్బ) అయినా బి బటన్‌ను ఒక్కదానినే గానీ, ఒక దిశ పట్టి గానీ నొక్కితే వచ్చేస్తుంది. ర్యూకు ఆ సులువైన దారితో పాటు, తన సొంత ఆట స్ట్రీట్ ఫైటర్‌లో లాగే స్టిక్‌ను తిప్పి బటన్ నొక్కే కమాండ్లు కూడా ఇచ్చారు. కమాండ్‌తో వేస్తే దెబ్బ బలం పెరుగుతుందని తెలుసు. ఆ కాస్త బలం కోసమే ఇంత సాధన చేయాలా, లేక వేరే ప్రయోజనాలు ఏమైనా ఉన్నాయా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. ముందుకు నడుస్తూ హడోకెన్ (చేతుల నుంచి విసిరే శక్తి గోళం) వేయబోతే తరచుగా షోర్యుకెన్ (పైకి ఎగిరి కొట్టే గుద్దు) వచ్చేస్తోంది. పైకి లేచి కిందికి దిగేలోపు ప్రత్యర్థి తీరిగ్గా వచ్చి కొడుతున్నాడు. దీనికి కారణమేమిటో, ముందుగా ఏ కమాండ్ మీద దృష్టి పెట్టాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

మొదటి సమాధానం

ముందు మీ ఇబ్బంది సంగతి చూద్దాం. హడోకెన్‌కు స్టిక్‌ను కిందికి, అక్కడి నుంచి ముందు-కింది మూలకు, ఆపైన ముందుకు తిప్పాలి. షోర్యుకెన్‌కు ముందుకు, కిందికి, ముందు-కింది మూలకు తిప్పాలి. మీరు నడుస్తున్నప్పుడు స్టిక్ అప్పటికే ముందుకు ఉంటుంది కాబట్టి, హడోకెన్ కోసం మీరు తిప్పిన దిశలకు ముందు ఆ నడక కూడా చేరి, షోర్యుకెన్‌కు కావలసిన మూడు దిశలూ వరుసగా పూర్తవుతాయి. ఆట దానినే స్వీకరిస్తుంది. నడక ఆపి, స్టిక్‌ను ఒక్క క్షణం మధ్యకు వదిలి, తరువాత కమాండ్ మొదలుపెట్టండి. అంత వ్యవధి లేని సందర్భంలో బి బటన్‌తో వచ్చే మామూలు హడోకెన్ వేయడంలో తప్పేమీ లేదు.

ఇక ముందుగా నేర్చుకోవలసింది షోర్యుకెన్ అని నేను గట్టిగా చెబుతాను. కమాండ్‌తో వేసిన షోర్యుకెన్‌కు బలం ఎక్కువ, ప్రత్యర్థిని విసిరే దూరమూ ఎక్కువ. అంతకన్నా ముఖ్యం, మొదలయ్యే తొలి ఫ్రేములలో (తెర మీద చిత్రం మారే ఒక్కో క్షణం ఒక ఫ్రేము) ఎదుటివారి దెబ్బ మీకు తగలదు. అంటే ఎదురుగా వస్తున్న దాడిలోనుంచే దూసుకువెళ్లి కొట్టవచ్చు. అయితే దాని అసలు విలువ కాంబో (ఒకదాని వెంట ఒకటి తగిలే దెబ్బల వరుస) చివర తెలుస్తుంది. ర్యూ తేలిక దెబ్బలు తగిలాక, వాటి కదలిక పూర్తి కాకముందే స్పెషల్ మూవ్‌లోకి మారిపోవచ్చు. స్టిక్‌ను మెల్లగా పైకి వంచి ‘ఏ’ (A) బటన్‌ను తట్టి వదిలితే వచ్చే చిన్న అప్పర్‌కట్‌ను తీసుకోండి. ప్రత్యర్థి తిన్న దెబ్బలను లెక్కించే శాతం తక్కువగా ఉన్నప్పుడు అది ఒకదాని వెంట ఒకటి తగులుతుంది. మొదటిది తగిలిందో, షీల్డ్ (రక్షణ కవచం) మీద పడిందో రెండవది వేస్తుండగా కంటితో చూసి, తగిలిందని రూఢి అయ్యాకే షోర్యుకెన్‌తో ముగించాలి. షీల్డ్ మీద పడితే అక్కడితో ఆగిపోవాలి. ఆ చూపు అలవడనంత కాలం ఎంత శుభ్రంగా కమాండ్ వేసినా, మీరు చెప్పినట్టే కిందికి దిగేటప్పుడు దెబ్బ తినవలసి వస్తుంది.

సాధన కోసం ట్రైనింగ్ మోడ్‌లో ఆట వేగాన్ని తగ్గించుకునే వీలుంది. నెమ్మదిగా ఉన్నప్పుడు స్టిక్ మూలకు సరిగ్గా చేరుతోందో లేదో స్పష్టంగా తెలుస్తుంది. గేమ్‌క్యూబ్ కంట్రోలర్ స్టిక్ చుట్టూ ఉండే అంచుకు ఎనిమిది మూలలు ఉంటాయి కాబట్టి, ముందు-కింది మూల వేలికే తెలిసిపోతుంది. గుండ్రటి అంచు ఉన్న కంట్రోలర్లలో ఆ ఆసరా ఉండదు కనుక కొంచెం ఎక్కువ ఓపిక పట్టాలి.

రెండవ సమాధానం

పై సమాధానంలోని వివరాలతో నాకు పేచీ లేదు గానీ, వరుస విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. కమాండ్ల కన్నా ముందు ర్యూ మామూలు దెబ్బలను తెలుసుకోవాలి. అతని నేల మీది దెబ్బలలో చాలావాటికి రెండు రూపాలున్నాయి: బటన్‌ను తట్టి వదిలితే తేలికది, నొక్కి పట్టుకుంటే బరువైనది. ఈ తేడా చేతికి పట్టుబడకపోతే, తేలిక దెబ్బ పడవలసిన చోట బరువైనది పడి కాంబో అక్కడే తెగిపోతుంది.

రెండవది, ముఖం తిరిగే పద్ధతి. ఇద్దరే తలపడే ఆటలో ర్యూ నేల మీద ఉన్నంతసేపూ తనంతట తానే ప్రత్యర్థి వైపు తిరిగి ఉంటాడు. వెనక్కి నడిచినా చూపు ముందుకే ఉంటుంది కాబట్టి కమాండ్లలో కుడి ఎడమలు తారుమారు కావు. దీనికి మూల్యం కూడా ఉంది. గాలిలో వెనక్కి కొట్టే దెబ్బ కావాలంటే ప్రత్యర్థికి వీపు చూపించాలి. నిలబడి అది కుదరదు. అతని నుంచి దూరంగా ఒక డాష్ (వేగంగా దూసుకుపోయే అడుగు) వేసి, ఆ డాష్ సాగుతుండగానే దూకితే వీపు అతని వైపు నిలిచిపోతుంది. ఈ చిన్న కదలికను చాలామంది పట్టించుకోరు. దానిని వదులుకుంటే ర్యూ గాలి దెబ్బలలో ఒక మంచి దెబ్బను వదులుకున్నట్టే.

మరొక మాట. షీల్డ్ పట్టుకుని ఉన్నప్పుడు స్టిక్‌ను ముందుకు తోస్తే పాత్ర దొర్లుతుంది, కిందికి తోస్తే ఉన్నచోటే తప్పుకుంటుంది. అక్కడ షోర్యుకెన్ కమాండ్ తిప్పబోతే చేయి అడ్డం తిరుగుతుంది. కానీ ఈ ఆటలో పై దిశ స్పెషల్‌ను షీల్డ్ నుంచి నేరుగా వేయవచ్చు కాబట్టి, పైకి పట్టి బి నొక్కడమే అక్కడ సరైన పని. సులువు దారి కొత్తవారికి మాత్రమే ఉద్దేశించినదని అనుకోవద్దు.

మూడవ సమాధానం

సాధన గురించి ఇద్దరూ వివరంగా చెప్పారు కనుక నేను ఈ పాత్రల రూపకల్పన గురించి చెబుతాను. వేర్వేరు ఆటల పాత్రలను ఒకచోటికి తెచ్చేటప్పుడు సాధారణంగా వచ్చినవారందరూ ఆతిథ్యం ఇచ్చే ఆట పద్ధతికే ఒదిగిపోతారు. 2012లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ ఎక్స్ టెక్కెన్‌లో, చేతికొకటి కాలికొకటి చొప్పున నాలుగు బటన్లతో ఆడే టెక్కెన్ పాత్రలు స్ట్రీట్ ఫైటర్ ఆరు బటన్ల అమరికలోకి మారాయి. స్మాష్‌లో 2015లో ర్యూ అడుగుపెట్టినప్పుడు మాత్రం 1987 నాటి మొదటి స్ట్రీట్ ఫైటర్ కమాండ్లు అతని వెంటే వచ్చాయి. నా దృష్టిలో ఈ ఆట చేసిన మంచి నిర్ణయాలలో అది ఒకటి, ఎందుకంటే అక్కడ ఏళ్ల తరబడి ఆడినవారి చేతి అలవాటు ఇక్కడా పనికివస్తుంది.

తరువాత వచ్చినవారిలో ఈ దారి ఇంకా విస్తరించింది. అల్టిమేట్‌తో వచ్చిన మరో స్ట్రీట్ ఫైటర్ పాత్ర కెన్‌కు కమాండ్‌తో తప్ప రాని తన్నులు ఉన్నాయి. 2019లో చేరిన, ఫేటల్ ఫ్యూరీ ఆటల పాత్ర టెర్రీకి తన శాతం 100కు చేరితే పవర్ గీజర్, బస్టర్ వోల్ఫ్ అనే రెండు భారీ దెబ్బలు అందుబాటులోకి వస్తాయి. వాటికి బి బటన్ దారి లేదు, కమాండ్ తిప్పి తీరవలసిందే. ఓడిపోయే అంచున ఉన్నవాడే ఎక్కువ ప్రమాదకారిగా మారడం అతని సొంత ఆట స్వభావానికి చక్కగా సరిపోయింది. 2021లో వచ్చిన టెక్కెన్ పాత్ర కజుయా సంగతి ఇంకా కఠినం. షోర్యుకెన్ దిశలే తిప్పి, ఆఖరి మూలకు స్టిక్ చేరిన ఫ్రేములోనే ‘ఏ’ (A) బటన్ కూడా పడితే మెరుపుతో కూడిన ఎలక్ట్రిక్ విండ్ గాడ్ ఫిస్ట్ వస్తుంది. కొంచెం ఆలస్యమైతే మెరుపు లేని వేరే దెబ్బ వస్తుంది. సెకనుకు 60 ఫ్రేములు నడిచే ఆటలో అది ఎంత సన్నని అవకాశమో ఊహించుకోవచ్చు. ర్యూతో షోర్యుకెన్ స్థిరపడ్డాక కజుయా వైపు వెళ్తే, మీ చేతికి సగం దారి ముందే తెలిసి ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ముందుగా తట్టి వదిలే దెబ్బలు, ఆ తరువాత షోర్యుకెన్ అన్న వరుసలో వెళ్తాను. ఒక్క సందేహం మిగిలింది. స్టిక్‌ను అర్ధవలయంగా తిప్పితే వచ్చే ఎర్రటి షకునెత్సు హడోకెన్‌ను ఎప్పుడు వాడాలి? మామూలు నీలి హడోకెన్‌తో సరిపెట్టుకోవచ్చా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

రెండింటి పనీ వేరు. నీలి హడోకెన్ ఒక్కసారి తగిలి ఆగుతుంది. బటన్‌ను ఎంతసేపు పట్టుకున్నారన్న దానిని బట్టి దాని వేగం మారుతుంది కాబట్టి, ప్రత్యర్థి దూకే లయను చెడగొట్టడానికి అదే మేలు. ఎర్రది వరుసగా పలుమార్లు తగులుతుంది. ప్రత్యర్థి షీల్డ్ పట్టుకున్నా దాని తాకిడి ముగిసేదాకా అతను అక్కడే ఇరుక్కుంటాడు; ఆలోపు మీరు దాని వెనకే పరుగెత్తి దగ్గరకు చేరి పట్టుకుని విసిరే ప్రయత్నం చేయవచ్చు. దూరం ఎక్కువగా ఉన్నప్పుడే వేయండి. దగ్గరగా ఉన్నప్పుడు దానిని మొదలుపెడితే అతను పైనుంచి దూకి వచ్చేస్తాడు.