‘జీరంగి పోవునే...’ మొదటి సగం ఎవరికైనా తెలుసా?

దేవరకొండ మనవడు: వానాకాలంలో తుమ్మచెట్ల మీద జీరంగి పురుగులను పట్టి అగ్గిపెట్టెలో దాచేవాళ్ళం. పేడపురుగును కూడా అందులోనే వేయబోతే మా అమ్మమ్మ పోతన పద్యం వరుసలో ఏదో ఎత్తుకునేది. ‘జీరంగి పోవునే పేడకడకు’ అన్న తోకే గుర్తుంది. తల ఎవరి దగ్గరైనా ఉందా?

సీసం పిచ్చి: తోకే అనుమానంగా ఉంది. గణాలు సరే, ‘జీ’కీ ‘పే’కీ యతి, అంటే అక్షరాల పొత్తు, ఎక్కడ? ‘చేరి పేడ’ అయి ఉండాలి.

పాలమూరు పంతులు: ముందు ‘వోవునే’ అనండి. పోతనగారి తుమ్మెద కూడా అంతే: ‘మధుపంబు వోవునే మదనములకు’. ప్రథమా విభక్తి మీది పరుషం, ‘ప’ ‘వ’ అవుతుంది!

సీసం పిచ్చి: వ్యాకరణంలో చిన్నయసూరి ‘బహుళంబుగా’ అన్నాడు పంతులుగారూ, మారకపోయినా తప్పు లేదు.

అచ్చంపేట: మా వైపు జీరుంగి. ఎగిరేటప్పుడు ‘జీరు’మంటుంది, పేరు దాన్నుంచే.

దేవరకొండ మనవడు: ఆకుపచ్చగా మెరిసే మెడ, ముదురు గోధుమ రెక్కలు. ‘రంగు’ లేని జీరంగి ఏమిటండీ?

సీసం పిచ్చి: ‘రం’ అయినా ‘రుం’ అయినా గురువే, మాట మొత్తం త గణమే (రెండు గురువులు, ఒక లఘువు). ఛందస్సు ఈ తగాదా తీర్చదు.

నల్లగొండ రైతు: అమ్మమ్మగారు పేడపురుగును చిన్నబుచ్చారు. వెనక కాళ్ళతో ఉండను నెట్టుకెళ్ళి, పాతిపెట్టి, అందులో గుడ్డు పెడుతుంది, పొలానికి ఎరువు. దక్షిణాఫ్రికా పేడపురుగులు పాలపుంతను చూసి దారి తప్పకుండా పోతాయని 2013లో తేల్చారు. మీ జీరంగి పెద్దయ్యాక ఆకులు మేస్తుంది సరే, పిల్లపురుగుగా మట్టిలో చెట్ల వేళ్ళు కొరికిందే కదా!

పాలమూరు పంతులు: ఇంతకీ మదనమంటే ఉమ్మెత్తే.

అచ్చంపేట: మంగచెట్టు. ఉమ్మెత్త పువ్వు విచ్చేది సాయంత్రం, అప్పటికి తుమ్మెద గూటికి చేరి ఉంటుంది. పొలం దున్నిన పోతనకు ఆ మాత్రం తెలియదా?

పాలమూరు పంతులు: తుమ్మెద అక్కడికి పోదనే కదయ్యా ఆయన అన్నది!

దేవరకొండ మనవడు: అయ్యా, నా తల?

సీసం పిచ్చి: నాలుగు ఇంద్రగణాలు, ‘తు’కు ‘తొ’తో యతి. ఇదిగో:
‘తుమ్మకొమ్మల లేత తొలియాకు మేసిన
జీరంగి పోవునే చేరి పేడ’

పాలమూరు పంతులు: ‘వోవునే’.

దేవరకొండ మనవడు: బాగుందండీ. కానీ అమ్మమ్మ పాటలో ఎక్కడో తంగేడు కూడా వచ్చేది.