మెయిల్ సెషన్: టాస్క్ మొదట్లో ఒక్కసారి తెరవాలా, ప్రతి స్టెప్‌లోనూ విడిగా తెరవాలా?

మిర్యాలగూడ మిల్లు ఆఫీసు:

అందరికీ నమస్కారం. మా రైస్ మిల్లు ఆఫీసులో రోజూ రాత్రి ఒక ఆటోమేషన్ టాస్క్ నడుస్తుంది. వే బ్రిడ్జి నుంచీ, చుట్టుపక్కల ఊళ్లలో మేము ధాన్యం దింపుకునే పాయింట్ల నుంచీ మెయిల్‌లో వచ్చిన కాంటా లెక్కలను అది దించుకుంటుంది. ఆ షీట్లన్నింటినీ కలిపి స్టాకు పట్టిక తయారుచేసి, ఒక్కొక్క ఏజెంటుకు ఆ రోజు తూకం, తేమ శాతం, రావలసిన డబ్బు వివరాలతో మెయిల్ పంపుతుంది.

మేము వాడే సాఫ్ట్‌వేర్‌లో మెయిల్ సర్వర్‌కు కనెక్ట్ కావడానికి రెండు దారులున్నాయి. మొదటి దారిలో టాస్క్ ఆరంభంలోనే సర్వర్ చిరునామా, పోర్టు, భద్రత రకం, యూజర్ పేరు, పాస్‌వర్డు, టైమ్‌అవుట్ ఇచ్చి ఆ కనెక్షన్‌కు, అంటే సెషన్‌కు, ఒక పేరు పెడతాము. తర్వాతి స్టెప్‌లన్నీ ఆ పేరును మాత్రమే వాడుకుంటాయి, చివర్లో సెషన్‌ను ముగించే స్టెప్ ఒకటి ఉంటుంది. రెండో దారిలో మెయిల్ చదివే లేదా పంపే ప్రతి స్టెప్‌లోనూ ఈ వివరాలన్నీ ఇవ్వాలి. ఆ స్టెప్ తానే కనెక్ట్ అయి, తన పని కాగానే తానే తెంచుకుంటుంది.

మేము మొదటి దారిలో ఉన్నాము. చదవడానికి ఒక సెషన్, పంపడానికి ఒక సెషన్ మొదట్లోనే తెరుస్తాము. మామూలు రోజుల్లో ఇబ్బంది లేదు. వానకాలం కోతలు మొదలై లారీలు పెరిగితే షీట్లు కలిపే పనికే 40 నిమిషాల దాకా పడుతుంది. అప్పుడు మొదటి మెయిల్ పంపబోయేసరికి సర్వర్ కనెక్షన్ మూసివేసిందని లోపం చూపి టాస్క్ ఆగిపోతుంది. టైమ్‌అవుట్ పెంచితే చాలునని మాలో ఒకరు, సెషన్ పద్ధతినే మానేయాలని ఇంకొకరు వాదిస్తున్నారు. ఏది సరైనదో కారణంతో సహా చెప్పగలరు.

పాలమూరు నెట్‌వర్క్:

మిర్యాలగూడ అన్నా, సెషన్ పద్ధతిని మాత్రం మానకండి. ఒక్క మెయిల్ పంపాలంటే ముందు సర్వర్ పేరును అడ్రసుగా మార్చుకోవాలి, కనెక్షన్ కలవాలి, ఎన్‌క్రిప్షన్ ఒప్పందం కుదరాలి, లాగిన్ కావాలి. మీరు వంద మంది ఏజెంట్లకు పంపుతుంటే ఇదంతా వందసార్లు జరుగుతుంది. మెయిల్ పంపే పద్ధతి అయిన ఎస్ఎంటీపీలో ఒకే కనెక్షన్ మీద ఒక ఉత్తరం తర్వాత ఇంకొక ఉత్తరం పంపే వీలు మొదటినుంచీ ఉంది. దాన్ని వాడుకోకపోవడం అనవసరమైన భారం.

పైగా సర్వర్లకు తమ హద్దులు ఉన్నాయి. జీమెయిల్ ఒక ఖాతాకు ఏకకాలంలో 15 ఐమ్యాప్ (మెయిల్‌ను సర్వర్‌లోనే ఉంచి చదివే పద్ధతి) కనెక్షన్లకు మించి ఇవ్వదు, అదే ఖాతా ఆఫీసులో నాలుగు ఫోన్లలోనూ రెండు కంప్యూటర్లలోనూ తెరిచి ఉంటే వాటిలో ఎక్కువ భాగం అక్కడే ఖర్చవుతుంది. మైక్రోసాఫ్ట్ వారి మెయిల్ సేవ ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్‌లో పంపే కనెక్షన్లు ఒకేసారి 3 మాత్రమే ఉండాలి. పాత కనెక్షన్ పూర్తిగా మూసుకోకముందే కొత్తది తెరిచే టాస్క్ ఈ హద్దును సులభంగా తాకుతుంది.

ఇక పాస్‌వర్డు సంగతి. అది పది స్టెప్‌లలో రాసి ఉంటే, మార్చిన రోజున తొమ్మిది చోట్ల మార్చి పదోది మరిచిపోవడం ఖాయం. సెషన్ అయితే ఒక్కచోటే మార్చాలి. టైమ్‌అవుట్‌ను ఒక గంటకు పెంచి చూడండి.

జడ్చర్ల ఆటోమేషన్:

పాలమూరు అన్న చెప్పిన ఖర్చుల లెక్కతో నాకు పేచీ లేదు, కానీ టైమ్‌అవుట్ పెంచమన్న సలహా ఈ సమస్యను తీర్చదు. సాఫ్ట్‌వేర్‌లో మనం పెట్టే టైమ్‌అవుట్ మన వైపు ఓపికకు సంబంధించినది. అంటే మనం ఒక ఆజ్ఞ పంపిన తర్వాత జవాబు కోసం ఎంతసేపు ఎదురుచూడాలో అది చెబుతుంది. మనం ఏమీ పంపకుండా ఊరుకుంటే సర్వర్ ఎంతసేపు సహిస్తుందన్నది సర్వర్ నిర్ణయం. దాని మీద మన గడిలోని అంకెకు ఏ అధికారమూ లేదు.

ఆ ఓపిక ఎంతో ప్రమాణ పత్రాలలోనే ఉంది. 2008 నాటి ఆర్ఎఫ్‌సీ 5321 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ప్రకారం ఎస్ఎంటీపీ సర్వర్ తర్వాతి ఆజ్ఞ కోసం కనీసం 5 నిమిషాలు ఆగాలి. మెయిల్‌ను దించుకొని చదివే పాప్3 పద్ధతిలో పనిలేని సెషన్‌ను తెంచే గడువు 10 నిమిషాలకు తగ్గకూడదు, ఐమ్యాప్‌లో 30 నిమిషాలకు తగ్గకూడదు. ఇవి కనీస హామీలు, ఆ తర్వాత సర్వర్ (ఎస్ఎంటీపీలో అయితే 421 అనే మూసివేత సంకేతంతో) సెలవు తీసుకున్నా తప్పు పట్టలేము. షీట్లు కలపడానికి 40 నిమిషాలు పడుతున్నప్పుడు ఈ మూడు హామీలూ దాటిపోయినట్టే. ఫోన్ కలిపి ఒక్క మాటా మాట్లాడకుండా అంతసేపు పట్టుకొని కూర్చుంటే అవతలివారు పెట్టేయక ఏం చేస్తారు?

మధ్యలో రూటర్ కూడా ఉంది. చాలాసేపు ఏ కదలికా లేని కనెక్షన్‌ను రూటర్ తన పట్టికలోంచి తీసేస్తే మన కంప్యూటర్‌కు ఆ సంగతి తెలియనే తెలియదు, తర్వాతి ఆజ్ఞ పంపినప్పుడు గానీ బయటపడదు. అందుకే నేను జిన్నింగ్ మిల్లులకూ మందుల కంపెనీల గోదాములకూ చేసిపెట్టే టాస్క్‌లలో ప్రతి మెయిల్ స్టెప్‌కూ విడి కనెక్షన్ ఇస్తాను. ఎక్కడ తెగిందో లాగ్‌లో స్పష్టంగా కనిపిస్తుంది, ఒక స్టెప్ చెడిపోతే మిగతావాటికి అంటుకోదు. పాస్‌వర్డును టాస్క్ మొదట్లో ఎన్‌క్రిప్ట్ చేసిన వేరియబుల్‌గా పెట్టి అన్ని స్టెప్‌లలో దాని పేరే ఇస్తే, పది చోట్ల మార్చే బాధ కూడా ఉండదు.

పాలమూరు నెట్‌వర్క్:

మేడం గారూ, టైమ్‌అవుట్ గురించి మీరు చెప్పింది నిజమే, దాన్ని ఒప్పుకుంటున్నాను. కానీ ఊరుకోవడమే సమస్య అయితే ఊరుకోకుండా ఉండవచ్చు కదా. ఎస్ఎంటీపీ, పాప్3, ఐమ్యాప్ మూడింటిలోనూ నూప్ అనే ఆజ్ఞ ఉంది. దానికి జవాబు ఇవ్వడం తప్ప సర్వర్ వేరే పని ఏమీ చేయదు, అయితే సర్వర్ దగ్గర గడియారం మళ్లీ మొదటికి వస్తుంది. నాలుగు నిమిషాలకు ఒకసారి దాన్ని పంపితే సెషన్ బతికే ఉంటుంది.

జడ్చర్ల ఆటోమేషన్:

షీట్లు కలిపే స్టెప్ నడుస్తుండగా ఆ నూప్‌ను ఎవరు పంపాలి? టాస్క్‌లో స్టెప్‌లు ఒకదాని వెనుక ఒకటి నడుస్తాయి. సమాంతరంగా ఇంకొక టాస్క్ నడిపి అదే సెషన్‌ను ముట్టుకోనిస్తే, రెండు టాస్క్‌ల ఆజ్ఞలు ఒకే కనెక్షన్‌లో కలగలిసిపోయే కొత్త ప్రమాదం వస్తుంది. 40 నిమిషాల పాటు దేనికీ పనికిరాని కనెక్షన్‌ను బతికించుకోవడానికి అంత అవస్థ ఎందుకో నాకు అర్థం కావడం లేదు.

నల్లగొండ ల్యాబ్:

ఇంతవరకూ చదివాను. కాలేజీ ల్యాబులో మెయిల్ సర్వర్ నడిపించి పిల్లలకు చూపించేవాడిగా నా అభిప్రాయం ఏమిటంటే, మీరిద్దరూ చదివే సెషన్‌నూ పంపే సెషన్‌నూ ఒకే రకం వస్తువుగా చూస్తున్నారు. అవి వేరు, వాటిలో వచ్చే నష్టాలూ వేరు.

ముందు చదివే వైపు చూద్దాము. ఇక్కడ ప్రతి స్టెప్‌కూ విడి కనెక్షన్ అన్న జడ్చర్ల మేడం గారి పద్ధతి పాప్3తో వాడితే ప్రమాదకరం. పాప్3లో ఉత్తరాలకు వరుస సంఖ్యలు సెషన్ తెరిచినప్పుడు ఇస్తారు, అవి ఆ సెషన్‌కే చెల్లుతాయి. ఒక స్టెప్ కనెక్ట్ అయి 7వ ఉత్తరంలోని షీట్‌ను దించుకొని తెంచుకుంది, తర్వాతి స్టెప్ మళ్లీ కనెక్ట్ అయి 7వ ఉత్తరాన్ని తొలగించింది అనుకోండి. ఈ లోగా ఇంకెవరైనా ఒక పాత ఉత్తరాన్ని తొలగించి ఉంటే ఈ 7 ఆ 7 కాదు, చదవని లెక్క ఒకటి శాశ్వతంగా పోతుంది. ఐమ్యాప్‌లో వరుస సంఖ్యలకూ ఈ బలహీనత ఉంది గానీ, అక్కడ సెషన్లు మారినా నిలిచే యూఐడీ అనే గుర్తింపు సంఖ్య కూడా ఉంది. సాఫ్ట్‌వేర్ దాన్ని వాడుకోనిస్తే విడి కనెక్షన్లతోనూ గండం లేదు.

దీనికి ఎదురుదిశలో ఇంకొక సంగతి ఉంది, అది పాలమూరు తమ్ముడి పద్ధతికి తగులుతుంది. పాప్3లో తొలగించమన్న ఉత్తరాలు వెంటనే పోవు. మనం క్విట్ ఆజ్ఞతో సెషన్‌ను సక్రమంగా ముగించినప్పుడే సర్వర్ వాటిని నిజంగా తీసేస్తుంది. సెషన్ వేరే ఏ కారణంతో తెగినా ఒక్కటి కూడా తొలగించకూడదని 1996 నాటి ఆర్ఎఫ్‌సీ 1939 స్పష్టంగా చెబుతోంది. అంటే చదివే సెషన్‌ను టాస్క్ చివరి దాకా తెరిచి ఉంచి, మధ్యలో సర్వర్ దాన్ని తెంచేస్తే, ఈ రాత్రి దించుకున్న ఉత్తరాలన్నీ రేపు రాత్రి మళ్లీ కొత్తవిలాగా వస్తాయి. ఒకే లారీ ధాన్యం స్టాకు పట్టికలో రెండుసార్లు ఎక్కుతుంది. మిర్యాలగూడ అన్నా, మీది పాప్3 అయితే టాస్క్ ఆగిపోయిన రోజుల మరుసటి నాటి పట్టికను ఒకసారి ట్రక్ షీట్లతో సరిచూసుకోండి. మెయిల్ ఆలస్యం కన్నా నాకు అదే ఎక్కువ ఆందోళనగా ఉంది.

అదే పాప్3లో సెషన్ ఉన్నంతసేపూ మెయిల్‌బాక్సుకు తాళం పడి ఉంటుంది. టాస్క్ మధ్యలో ఆగితే చివర్లో ఉన్న సెషన్ ముగింపు స్టెప్ నడవదు. కనెక్షన్ అలాగే మిగిలిపోతే, సర్వర్ తనంతట తాను తెంచుకునే దాకా మళ్లీ లాగిన్ చేసినా మెయిల్‌బాక్సు తెరుచుకోదు. అందువల్ల లోపం వచ్చినప్పుడు టాస్క్ వెళ్లే దారిలోనూ సెషన్ ముగింపు స్టెప్ తప్పక ఉండాలి. ఈ పని చేయని టాస్క్‌లే నేను ఎక్కువగా చూశాను.

పంపే వైపు మాత్రం నేను పాలమూరు తమ్ముడి పక్షమే, ఒక్క షరతుతో. సెషన్‌ను షీట్లు కలపడం పూర్తయిన తర్వాతే తెరవాలి. మెయిళ్లన్నీ ఒక్క ఊపున పంపి మూసేయాలి. సాఫ్ట్‌వేర్ నమూనా టాస్క్‌లో సెషన్ స్టెప్ మొట్టమొదట ఉంది కాబట్టి మనమూ అక్కడే పెడుతున్నాము, అంతకు మించి దానికి కారణమేమీ లేదు.

గద్వాల చేనేత:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాది చిన్న చీరల షాపు. ఆర్డర్ మెయిళ్లు పంపడానికి సెషన్ పెడితే లోపం కూడా చూపకుండా చాలాసేపు ఆగి, చివరికి టైమ్‌అవుట్ అంటోంది. పోర్టు 465 ఇచ్చాను, భద్రత దగ్గర స్టార్ట్‌టీఎల్ఎస్ ఎంచుకున్నాను.

పాలమూరు నెట్‌వర్క్:

అన్నా, ఆ రెండూ కలవవు. 465లో కనెక్షన్ మొదటి అక్షరం నుంచే ఎన్‌క్రిప్షన్ ఉండాలి, స్టార్ట్‌టీఎల్ఎస్ మాత్రం మామూలుగా మొదలై తర్వాత ఎన్‌క్రిప్షన్‌కు మారుతుంది, దానికి పోర్టు 587. మీ కంప్యూటర్ సర్వర్ పలకరింపు కోసం చూస్తోంది, సర్వర్ మీ కంప్యూటర్ ఎన్‌క్రిప్షన్ మొదలుపెట్టాలని చూస్తోంది. అందుకే ఇద్దరూ మౌనంగా ఉన్నారు. 465 ఉంచి మొదటి నుంచీ టీఎల్ఎస్ (అంటే ఈ ఎన్‌క్రిప్షన్) అనే ఎంపికకు మారండి, 2018లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 8314 సిఫారసు కూడా అదే. ఖాతా జీమెయిల్‌ది అయితే మామూలు పాస్‌వర్డు పనిచేయదు, దాన్ని గూగుల్ 2022 మే 30 నుంచి ఆపేసింది. రెండంచెల ధృవీకరణ పెట్టుకొని 16 అక్షరాల యాప్ పాస్‌వర్డు తీసుకోవాలి.

నల్లగొండ సార్ చెప్పిన షరతు నాకు సమ్మతమే. పంపే సెషన్ ఆలస్యంగా తెరిచినా అది ఒకే సెషన్ కావాలన్నదే నా పట్టుదల.

జడ్చర్ల ఆటోమేషన్:

పాప్3 వరుస సంఖ్యల విషయంలో సార్ మాట శిరోధార్యం. నా టాస్క్‌లు ఐమ్యాప్‌వి కావడం వల్ల నేను ఆ కోణాన్ని ప్రస్తావించలేదు. పంపే వైపు మాత్రం ఒకే సెషన్ అంటే ఒక భయం మిగిలే ఉంది. వంద మెయిళ్లలో 60వది పంపుతుండగా కనెక్షన్ తెగితే, ఆ 60వది చేరిందా లేదా? మనం ఉత్తరం మొత్తం పంపి అది ముగిసిందని తెలిపే చివరి చుక్క పెట్టిన తర్వాత సర్వర్ 250, అంటే సరే, అని జవాబిస్తేనే బాధ్యత దానిది. సర్వర్ ఉత్తరాన్ని తీసుకొని, ఆ జవాబు మనకు అందకముందే కనెక్షన్ తెగితే, మనం మళ్లీ పంపుతాము, ఏజెంటుకు అదే లెక్క రెండుసార్లు వెళ్తుంది. 1988లోనే ఆర్ఎఫ్‌సీ 1047 ఈ జంట ఉత్తరాల గురించి హెచ్చరించింది.

టైమ్‌అవుట్ అంకెకు అసలు విలువ ఇక్కడే ఉంది. చివరి చుక్క తర్వాత జవాబు కోసం 10 నిమిషాలు ఆగాలని ప్రమాణం చెబుతుంటే, చాలా మంది 30 సెకన్లు పెట్టుకుంటారు. పెద్ద అటాచ్‌మెంటును సర్వర్ వైరస్ పరీక్ష చేసేలోపే మన సాఫ్ట్‌వేర్ విసుగు చెంది తెంచేస్తుంది.

నల్లగొండ ల్యాబ్:

ఆ భయం న్యాయమైనదే, కానీ విడి కనెక్షన్లు దాన్ని తొలగించవు. ఒక్క మెయిల్ ఉన్న సెషన్‌లోనూ ఆ చివరి జవాబు పోవచ్చు. ఏజెంట్ల పట్టికలో ఒక గడి పెట్టి, 250 వచ్చిన వెంటనే అందులో సమయం రాయాలి. టాస్క్ మళ్లీ నడిచినప్పుడు ఆ గడి ఖాళీగా ఉన్న వరుసలకే పంపాలి. అప్పుడు సందేహం ఒక్క ఉత్తరానికే పరిమితమవుతుంది, దాన్ని ఫోన్ చేసి కనుక్కోవచ్చు.

మిర్యాలగూడ మిల్లు ఆఫీసు:

అందరికీ ధన్యవాదాలు. మాది పాప్3యే. సార్ చెప్పినట్టు ట్రక్ షీట్లతో సరిచూస్తే రెండుసార్లు ఎక్కిన లారీలు నిజంగానే దొరికాయి, వాటిని సరిచేస్తున్నాము. ఇప్పుడు చదివే సెషన్‌ను షీట్లు దించుకోగానే మూసేస్తున్నాము, లోపం దారిలోనూ ముగింపు స్టెప్ పెట్టాము. షీట్లు కలిపేటప్పుడు ఏ సెషనూ ఉండదు. తర్వాత పంపే సెషన్ తెరిచి, టైమ్‌అవుట్ 10 నిమిషాలు ఇచ్చి, పంపిన సమయాన్ని పట్టికలో రాస్తున్నాము.

ఇంకొక మాట. లారీ కాంటా దిగిన వెంటనే ఏజెంటుకు మెయిల్ వెళ్లాలని మా యజమాని అడుగుతున్నారు. దానికి పగలంతా ఒక సెషన్ తెరిచి ఉంచాలా?

జడ్చర్ల ఆటోమేషన్:

వద్దు. అక్కడ ఒక లారీకి ఒక కనెక్షనే సరైనది. రెండు లారీల మధ్య ఎంత వ్యవధి ఉంటుందో ఎవరూ చెప్పలేరు, సర్వర్ ఇచ్చే 5 నిమిషాలకు మన కాంటా కట్టుబడి ఉండదు.

పాలమూరు నెట్‌వర్క్:

మామూలు రోజులకు మేడం గారి మాటే పాటించండి. సీజన్‌లో లారీలు వరుస కట్టి నిమిషానికి ఒకటి దిగుతుంటే మాత్రం వెంటనే అన్న పట్టు కొంచెం సడలించి, పావుగంటకు ఒకసారి టాస్క్ లేచి, పంపని వరుసలన్నింటినీ ఒకే సెషన్‌లో పంపి మూసుకునేలా పెట్టండి. యజమాని గారికి పావుగంట ఆలస్యం సమ్మతమో కాదో ముందే అడిగి తెలుసుకోండి, ఎందుకంటే ఆ అంకె మీదే టాస్క్ షెడ్యూల్ మొత్తం ఆధారపడుతుంది.