చర్చ: కొయ్య మీద కాల్చినా, తోలు మీద చెక్కినా, మనదంటూ ఒక తీరు ఎలా కుదురుతుంది?

నిప్పుగీత

అందరికీ నమస్కారం. కొయ్య మీద కాల్చి బొమ్మలు వేయడం మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. ఏడాదిన్నరగా తోలు పని కూడా చేస్తున్నాను. పర్సులు, నోటుపుస్తకాల అట్టలు, తాళంచెవుల పట్టీలు. షేడింగ్ మచ్చలు పడకుండా వస్తోంది, కుట్టు వంకర పోవడం లేదు. చేతికి పని వచ్చిందనే ధైర్యం కలిగింది. మొన్న చేసినవన్నీ ఫొటోలు తీసి ఒకచోట పెట్టి చూసుకుంటే మాత్రం మనసు చివుక్కుమంది. గుడ్లగూబ నేను వీడియోలో చూసి నేర్చుకున్న గుడ్లగూబే. ఈక ఇంకొకరి ఈక. తోలు మీది పువ్వు కిట్‌తో వచ్చిన కాగితంలోది. వెనక నా సంతకం లేకపోతే ఇవి నావని నేనే గుర్తుపట్టలేను.

ఇక్కడ కొందరి పని చూడగానే ఎవరిదో తెలిసిపోతుంది. అది మీకు వెతుక్కుంటే దొరికిందా, చేస్తూ చేస్తూ ఉంటే వచ్చిందా? ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పండి, దయచేసి.

చారలకర్ర

నిప్పుగీత గారూ, నాకు జరిగింది చెప్తాను. ఇల్లు మారినప్పుడు కొయ్య కాల్చే కరెంటు పెన్ను నిబ్బుల డబ్బా ఎక్కడో పడిపోయింది. పెన్నుకు బిగించి ఉన్న కత్తి నిబ్ ఒక్కటే మిగిలింది. ఒప్పుకున్న పని చేతిలో ఉంది, ఆపే వీలు లేదు. ఆ నిబ్‌తో మెత్తటి షేడింగ్ రాదు, సన్నటి గీత మాత్రమే వస్తుంది. అందుకని నీడ కావాల్సిన చోటల్లా పక్కపక్కనే గీతలు వేసుకుంటూ పోయాను. ముదురు కావాలంటే గీతలు దగ్గరగా, లేత కావాలంటే ఎడంగా. మొదట చిరాకు పడ్డాను. రెండు నెలలు గడిచేసరికి ఆ గీతలు బొమ్మ ఆకారాన్ని బట్టి వంగడం మొదలైంది. బుగ్గ దగ్గర గుండ్రంగా, చెట్టు మాను దగ్గర నిలువుగా. తర్వాత కొత్త నిబ్బులు కొన్నాను గానీ ఆ పద్ధతి వదల్లేదు. ఇప్పుడు నా పనిని జనం గుర్తుపట్టేది దానివల్లే.

కాబట్టి నా సలహా ఒకటే. ఒక నిబ్, ఒకే రకం కొయ్య, మూడే మూడు రంగు స్థాయిలు: కాల్చని కొయ్య, నడిమి గోధుమ, నలుపు. వీటితో పన్నెండు చిన్న పలకలు చేయండి. ఒక్కటీ ఎక్కడా చూసి వేయవద్దు. ఏడో ఎనిమిదో పలక దగ్గర నేర్చుకున్న ఉపాయాలన్నీ అయిపోతాయి. ఆ తర్వాత చేసేది మీరు చేయక తప్పక చేసేది.

పాతఉలి

చారలకర్ర చెప్పింది బాగుంది. కానీ ఒక మాట గట్టిగా చెప్పాలి, ఏమనుకోవద్దు. శైలి అనే పేరు పెట్టి లోపాలను కాపాడుకునేవాళ్లను చాలామందిని చూశాను. గీత మొదట్లో నల్ల బొట్టు పడితే అది శైలి కాదు. నిబ్‌ను కొయ్య మీద ఆనించాక కదపడం మొదలుపెట్టారని అర్థం. కొంగ నీటి మీద వాలినట్టు కదులుతూనే వాలాలి, కదులుతూనే లేవాలి. తాకే ముందు నిబ్ మీద ఒకసారి ఊదితే ఎగదన్నిన వేడి కాస్త తగ్గుతుంది. గీత మధ్యలో పల్చబడితే నిబ్‌కు మసి పట్టిందేమో చూసుకోండి. మసి వేడిని కొయ్యకు సరిగా అందనివ్వదు.

కొయ్య తప్పును చేతి మీద వేసుకోకండి, చేతి తప్పును కొయ్య మీదా వేయకండి. పైన్ కొయ్యలో మెత్తని పట్టీ, గట్టి పట్టీ ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. నిబ్ మెత్తదాంట్లో దిగబడి గట్టిదాని మీద జారిపోతుంది. పైగా జిగురు ఉడుకుతుంది. లిండెన్ లాంటి లేతరంగు, సమమైన కొయ్య మీద మీ చెయ్యి ఏం చేస్తుందో ఉన్నది ఉన్నట్టు కనబడుతుంది. 220 నంబరు ఉప్పుకాగితంతో రుద్ది, తడిగుడ్డతో ఒకసారి తుడిచి, ఆరాక లేచిన నూగును 320తో మళ్లీ రుద్దండి. ఈ పని ఎగ్గొట్టి షేడింగ్ గరుకుగా వచ్చిందని బాధపడితే లాభం లేదు.

ఒక అభ్యాసం. పది గళ్లు గీసి, పెన్ను వేడిని పెంచి తగ్గించే బిరడా తిప్పకుండా చేతి వేగంతోనే లేత నుంచి ముదురు దాకా నింపండి. అది వచ్చినవాళ్లు గరుకు గీత వేస్తే కావాలని వేసినట్టు. రానివాళ్లు వేస్తే ఇంకా నేర్చుకోవాల్సి ఉన్నట్టు. నేను పెట్టుకున్న పరీక్ష ఇదే.

చుక్కలతోలు

పాతఉలి గారూ, మీ మీద గౌరవంతోనే ఒప్పుకోలేకపోతున్నాను. నా కుడిచెయ్యి వణుకుతుంది. ఆ వణుకు పోదు, డాక్టరు చెప్పారు. మీ పది గళ్ల పరీక్ష నేను ఎప్పటికీ నెగ్గలేను. పొడవాటి గీత నా వల్ల కాదు కాబట్టి చుక్కలకు మారాను. చుక్కకైతే మణికట్టు బల్లకు ఆన్చి, నిబ్ దించి, ఎత్తేస్తే చాలు. ఎంతసేపు ఆన్చి ఉంచానన్నదాన్ని బట్టి చుక్క సైజూ రంగూ మారతాయి. ఒక చేతివెడల్పు పక్షికి కొన్ని వేల చుక్కలు పడతాయి, వారాలు పడుతుంది. తోలు మీద కూడా అంతే. స్వివెల్ కత్తితో, అంటే వేళ్లతో తిప్పుతూ తోలు మీద గీతలు కోసే కత్తితో, పొడుగు కోత కోయను, చిన్న గుండ్రటి స్టాంపు కొట్టి బొమ్మ చుట్టూ ఉన్న తోలును దించుతాను, బొమ్మ దానంతటది పైకి తేలుతుంది. నా లోపమే నా తీరు అయింది. అలా చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

పాతఉలి

చుక్కలతోలు అమ్మా, నువ్వు చెప్పింది నిజం. నేను మాట తూచి అనాల్సింది. చేతకాని దాన్ని దాచడం వేరు, చెయ్యి ఒప్పుకున్న దారిని చివరిదాకా నడవడం వేరు. నీది రెండోది. ఆ పక్షి ఫొటో ఒకటి పెట్టు, మెడ దగ్గర చుక్కలు ఎలా సర్దావో చూడాలని ఉంది.

రెండుసూదులు

నేను పూర్తిగా తోలు మనిషిని, అటువైపు నుంచి చెప్తాను. తోలులో తీరు అంటే అందరూ పైన చెక్కిన పువ్వునే చూస్తారు. నా లెక్కలో అది బొమ్మ కంటే ముందే మొదలవుతుంది. ఒకే దారానికి రెండు చివర్లా రెండు సూదులు పెట్టి కుట్టే శాడిల్ కుట్టునే తీసుకోండి. ఏ సూది ముందు దూరుతుంది, రెండోది మొదటి దారానికి పైనుంచి వస్తుందా కిందనుంచి వస్తుందా అన్నదాన్ని బట్టి కుట్టు వాలు మారుతుంది. తోలుకు బెజ్జం పొడిచే ఆరె పట్టుకున్న కోణం మారితే ఇంకో రకంగా ఉంటుంది. 3 మిల్లీమీటర్ల ఎడంతో కుట్టిన పర్సు నాజూగ్గా కనిపిస్తుంది, అదే పర్సు 5 మిల్లీమీటర్లతో మొరటుగా, బలంగా అనిపిస్తుంది. అంచుకు కుట్టు ఎంత దూరంలో నడవాలి, మూల గుండ్రంగా తిరగాలా పదునుగా విరగాలా, అంచు చెక్కతో రుద్ది అద్దంలా మెరిపించాలా నార కనబడనివ్వాలా. ఈ నాలుగైదు నిర్ణయాలు ప్రతి వస్తువులోనూ ఒకేలా తీసుకుంటూ పోతే, బొమ్మ లేని ఖాళీ తోలు ముక్క కూడా ఎవరి పనో చెప్పేస్తుంది.

ఇంకో సంగతి. చెక్కడం అయ్యాక చివర్లో కత్తితో వేసే అలంకార కోతలు ఉంటాయి చూడండి, కాడ మీద, రేకు మీద కామాల్లాగా. పాత పనివాళ్లు వాటిని చేతిరాతతో సమానంగా చూస్తారు. వయోమింగ్ రాష్ట్రంలోని షెరిడాన్ ఊరి పేరుతో ఒక పూల చెక్కుడు ఉంది. గుండ్రంగా తిరిగే తీగలు, వాటి నడుమ కిక్కిరిసిన పూలు. దానికి రూపం ఇచ్చినవాళ్లలో డాన్ కింగ్ పేరు ముందు చెబుతారు. ఆ బాణీలో పనిచేసేవాళ్లు లోకమంతా ఉన్నారు, తీగ తిరిగే పద్ధతి అందరిదీ ఒకటే. అయినా తెలిసినవాళ్లు ఆ చివరి కోతలు ఎక్కడ లోతుగా మొదలై ఎక్కడ సన్నగా మాయమయ్యాయో చూసి ఎవరి చెయ్యో పోల్చుకుంటారు. అందుకే ఒకరి బాణీ నేర్చుకుంటే మన సొంతం పోతుందన్న భయం నాకు లేదు. నేర్చుకోండి, కానీ ఆ నమూనా మీదని చెప్పి అమ్మకండి.

నిప్పుగీత

మీ అందరికీ ఎంత రుణపడ్డానో చెప్పలేను. ఒక చిక్కు మిగిలింది. నా కొయ్య పనీ తోలు పనీ పక్కపక్కన పెడితే ఇద్దరు వేరువేరు మనుషులు చేసినట్టు ఉంటాయి. కొయ్య మీద పొగమంచులాంటి షేడింగ్ చేస్తాను, తోలు మీద లోతైన కోతలు. రెంటినీ కలిపేదేమిటి? తోలు మీద కూడా కాల్చి చూడనా?

మైనపుదారం

కాల్చవచ్చు, కానీ ముందు జాగ్రత్త వినండి. వెజ్‌ట్యాన్ తోలు మీదే, అంటే చెట్ల బెరడు లాంటి వాటితో పదును చేసిన తోలు మీదే, కాల్చాలి. క్రోమియం లవణాలతో పదును చేసిన క్రోమ్ తోలు మీద నిబ్ పెట్టకండి. వేడికి అందులోని క్రోమియం హెక్సావలెంట్ రూపంలోకి మారే ప్రమాదం ఉంది, అది విషం. ఎలా పదును చేశారో తెలియని పాత బ్యాగు ముక్కల జోలికీ పోవద్దు. రంగు, వార్నిష్ పూసిన కొయ్య, కొయ్య పొట్టూ జిగురూ కలిపి ఒత్తిన ఎండీఎఫ్ పలక కూడా అంతే. ఫ్యాను పొగను మీ ముఖం నుంచి అవతలికి లాగాలి, నిబ్ మీదికి ఊదకూడదు, ఊదితే వేడి నిలవదు.

చెక్కుడూ కాల్చుడూ రెండూ ఉంటే చెక్కుడు ముందు. తడిపిన తోలు పూర్తిగా ఆరిన తర్వాతే నిబ్. కొయ్యకు పెట్టే దానికంటే వేడి బాగా తగ్గించండి. ఎక్కువైతే తోలు ముడుచుకుని పెళుసెక్కుతుంది.

వయసు సంగతి కూడా ఆలోచించండి. నేను ఇది ఆలస్యంగా గ్రహించాను. కొయ్య మీద లేత షేడింగ్ ఎండ తగిలే చోట ఏళ్లు గడిచేకొద్దీ వెలిసిపోతుంది. పైన నూనె పూస్తే కొయ్యే ముదురుతుంది, లేత రంగులు అందులో కలిసిపోతాయి. వెజ్‌ట్యాన్ తోలు అయితే ఎండకూ చేతి జిడ్డుకూ తేనె రంగుకు, అక్కణ్నుంచి గోధుమ రంగుకు తిరుగుతుంది. రెండు చోట్లా పోయేవి లేత స్థాయిలే, మిగిలేవి ముదురు గీతలే. ఇష్టంగా చేసిన ఒక అట్ట మీద నా పొగమంచంతా అలాగే పోయింది. అప్పటి నుంచి బొమ్మ ఆకారాన్ని ముదురు గీతలతోనే నిలబెడుతున్నాను, లేత షేడింగ్ అదనపు అందం మాత్రమే. నా తీరు మారింది ఆ ఒక్క అట్ట వల్ల.

చారలకర్ర

మైనపుదారం చెప్పింది చదివితే పాత కడ్డీ బొమ్మలు గుర్తొచ్చాయి. కరెంటు పెన్ను రాకముందు ఇనుప కడ్డీలు నిప్పుల్లో పెట్టి వేసేవారు. రాబర్ట్ బాల్ హ్యూజ్ అని లండన్‌లో పుట్టి అమెరికా వెళ్లిన శిల్పి, 1804 నుంచి 1868 దాకా బతికాడు, అలాగే కొయ్య మీద కాల్చి బొమ్మలు వేశాడు. కడ్డీ చల్లారే కొద్దీ గీత లేతబడుతుంది, కాబట్టి ఎక్కడ ముదురు మొదలుపెట్టి ఎక్కడికి వెళ్లి ముగించాలో చేతికి ముందే తెలియాలి. ఒకసారి వేడి బిరడా ఆపేసి, నిబ్‌లో మిగిలిన వేడితోనే ఒక ఆకు వేసి చూడండి. ఘన నిబ్ ఉన్న పెన్నుతో వీలవుతుంది, తీగ నిబ్ క్షణంలో చల్లబడిపోతుంది.

రెండుసూదులు

నిప్పుగీత గారి ప్రశ్నకు నా జవాబు: రెంటినీ కలిపేది గీత కానక్కర్లేదు. ఖాళీ కావచ్చు. మీ పలకల్లో, అట్టల్లో బొమ్మ ఎక్కడ కూర్చుంటోంది, ఏ మూల వదిలేస్తున్నారు, అంచు దాటి బయటికి పోతోందా లోపలే ఆగుతోందా, ఒక్కసారి చూడండి.

నిప్పుగీత

ఏడు వారాల తర్వాత వస్తున్నాను. పన్నెండు పలకలు పూర్తిచేశాను, ఒకే నిబ్. మొదటి ఆరూ పాత గుడ్లగూబలే, వేరే రూపంలో. ఏడోదానికి ఏమీ తోచక కిటికీ దగ్గరి మొక్క ఆకును తిప్పి వెనకవైపు వేశాను. ఈనెలు పైకి లేచి ఉంటాయి కదా అక్కడ. ఆ తర్వాతివన్నీ వెనకవైపులే అయ్యాయి. పుట్టగొడుగు అడుగు, తలుపు వెనక గడియ, చొక్కా లోపలి కుట్టు. రెండుసూదులు గారు చెప్పినట్టు చూసుకుంటే అన్నిట్లోనూ కింది ఎడమ మూల ఖాళీగా ఉంది, నాకు తెలియకుండానే.

ఇప్పుడు అదే ఆకును తోలు మీదికి తెస్తున్నాను. కోయడం లేదు. తడిపిన తోలును వెనక నుంచి నొక్కి ఈనెలు పైకి లేపుతున్నాను. 3 మిల్లీమీటర్ల తోలు మొండికేసింది. ఎంత మందం తీసుకోమంటారు?

రెండుసూదులు

ఒకటిన్నర చాలు, రెండు దాటనివ్వకండి. ముందురోజు రాత్రే తడిపి సంచిలో మూసి ఉంచండి. పొద్దున పై రంగు దాదాపు మామూలుగా ఉండి, చెంపకు ఆనిస్తే చల్లగా తగలాలి, అప్పుడు నొక్కితే ఈనె నిలుస్తుంది. లేపిన గుంట వెనక తోలు పొట్టూ జిగురూ కలిపి నింపండి, లేకపోతే వాడకంలో అణిగిపోతుంది. ఆ తలుపు గడియ పలక ఫొటో కూడా పెట్టండి.