స్వాప్ ఫైల్ మార్చాక హైబర్నేట్ నుంచి పాత పని తిరిగి రావడం లేదు

అందరికీ నమస్తే. హన్మకొండలో మాది చిన్న డీటీపీ షాపు. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు (లినక్స్), డిస్క్ ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4. బ్యాటరీ పోయింది, ఇన్వర్టర్ కూడా ఎక్కువసేపు ఆగదు. కరెంటు పోగానే హైబర్నేట్ చేస్తే, అంటే ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్‌లో దాచి ఆపేస్తే, పెళ్లి కార్డుల డిజైన్లు తెరిచినవి తెరిచినట్టే దొరికేవి.

మొన్న ర్యామ్ 8 నుంచి 16 జీబీ చేయించి, హైబర్నేట్‌లో ర్యామ్‌లోదంతా దాచుకునే పాత స్వాప్ ఫైల్ తీసేసి 20 జీబీది కొత్తగా పెట్టాను. అప్పటి నుంచి ఆన్ చేస్తే మామూలుగా బూట్ అవుతోంది, తెరిచినవన్నీ పోతున్నాయి. నిన్న ఒక కార్డు మొత్తం మళ్లీ కొట్టాల్సి వచ్చింది, పార్టీ ఎదురుగానే కూర్చుని ఉన్నారు.

ఫైల్ మారితే డిస్క్ మీద దాని చోటు కూడా మారుతుందని తెలుసుకున్నాను. స్వాప్‌ల జాబితా చూపే ప్రాక్ స్వాప్స్‌లో (/proc/swaps) పేరు, సైజే ఉన్నాయి, చోటు లేదు. ఫైల్ డిస్క్ మీద ఎక్కడుందో చూపే ఫైల్‌ఫ్రాగ్ కమాండ్‌లో మొదటి వరుస ఫిజికల్ ఆఫ్‌సెట్ (చోటు) నంబరు తీసి, బూట్ చేసే ప్రోగ్రామ్ గ్రబ్‌లో రెజ్యూమ్ ఆఫ్‌సెట్‌గా (దాచినది ఎక్కడి నుంచి చదవాలో చెప్పే నంబరు) రాసి, అప్‌డేట్ గ్రబ్ కొట్టి రీస్టార్ట్ చేశాను. ఐనా సిస్ పవర్ ఫోల్డర్‌లోని (/sys/power) రెజ్యూమ్ ఆఫ్‌సెట్ పాత నంబరే చూపిస్తోంది.

పాత నంబరు ఇంకెక్కడి నుంచి వస్తోంది? ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో లోడయ్యే చిన్న ఫైల్‌సిస్టమ్) కూడా మళ్లీ కట్టాలా? ఫైల్ మార్చిన ప్రతిసారీ ఈ నంబరు చేత్తో వెతకకుండా సిస్టమే చూసుకునే దారి ఉందా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి, ఇది పెళ్లిళ్ల సీజను, చాలా టెన్షన్‌గా ఉంది.